బిల్బావోలో కూడా మనం లీగ్ మ్యాచే ఆడాం

2025 ఏప్రిల్‌లో మన మాంచెస్టర్ యునైటెడ్‌కి ఫ్రాన్స్ టీమ్ లియోన్‌తో యూరోపా లీగ్ (యూరప్ క్లబ్‌ల కప్పు) క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్, ఎక్స్‌ట్రా టైమ్‌లో 109వ నిమిషంలో వాళ్ళ లకజెట్ పెనాల్టీ కొట్టగానే నేను టీవీ కట్టేసా. ఆ రోజు స్కోరు వాళ్ళకి 4-2, రెండు లెగ్‌లు (వాళ్ళ దగ్గరొకటి, మన దగ్గరొకటి) కలిపితే 6-4, ఇంక చూడ్డానికి ఏం మిగిలిందని దుప్పటి కప్పుకుని పడుకున్నా. కాసేపటికి ఫోన్ మోగింది, మా బావ. ఆయన లివర్‌పూల్ ఫ్యాన్, మనం ఓడినప్పుడు తప్ప ఫోన్ చెయ్యడు కాబట్టి ఎత్తకూడదనుకున్నా, కానీ ఆగకుండా మోగుతుంటే ఎత్తా. "ఒరేయ్ ముందు టీవీ పెట్టరా" అన్నాడు, అంతే. పెట్టేసరికి మన కెప్టెన్ బ్రూనో పెనాల్టీతో ఒకటి ఎప్పుడో దిగిపోయింది, మైనూ 120లో ఇంకోటి కొట్టేసాడు, నేను రిమోట్ కింద పెట్టేలోపు కాసెమిరో వేసిన బాల్‌కి మన డిఫెండర్ మగ్వయర్ తల పెట్టాడు. మనం 5-4, మొత్తం 7-6. ఆ రాత్రి నిద్ర పట్టిందా అంటే పట్టలేదు.

ఐతే సీజన్ మొత్తం అయిపోయాక చల్లగా కూర్చుని మళ్ళీ చూస్తే, మనల్ని ముంచింది కూడా ఆ రాత్రే అనిపిస్తోంది. 2-0తో ముందున్న టీమ్ ఆరేడు నిమిషాల్లో రెండు ఇచ్చేసింది, తర్వాత టొలిసోకి రెడ్ కార్డ్ వచ్చి వాళ్ళు పది మందే మిగిలినా ఎక్స్‌ట్రా టైమ్‌లో మన సొంత గ్రౌండ్‌లో ఇంకో రెండు వేసారు. చివర్లో మగ్వయర్ని స్ట్రైకర్‌గా పైకి పంపడం తప్ప మన దగ్గర వేరే ప్లాన్ లేదు. అది పని చేసింది కాబట్టి ఎవరూ అడగలేదు. సరిగ్గా మూడు రోజులకి, ఏప్రిల్ 20న, అదే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌కి వుల్వ్స్ వచ్చి సరబియా ఫ్రీ కిక్‌తో 1-0 గెలిచి వెళ్ళిపోయారు. బాల్ మన దగ్గరే తిరిగింది, గోల్ మాత్రం లేదు.

అప్పట్లో అందరం అన్న మాట ఒకటే, యూరప్‌లో వేరే టీమ్ లీగ్‌లో వేరే టీమ్ అని. నేనూ అన్నా. కానీ నాకిప్పుడు అర్థమయ్యేది ఏంటంటే టీమ్ ఒకటే, మారింది ఎదుటోళ్ళు. రియల్ సోసియెదాద్, లియోన్, అథ్లెటిక్ బిల్బావో, వీళ్ళందరూ మన మీదకి ఎక్కి ఆడారు, డిఫెన్స్ లైన్ పైకి తెచ్చారు, వెనక ఖాళీ వదిలారు. ఖాళీ దొరికితే బ్రూనో ఏం చేస్తాడో కొత్తగా చెప్పక్కర్లేదు, సోసియెదాద్ మీద హ్యాట్రిక్. బిల్బావోతో సెమీ ఫస్ట్ లెగ్ ఐతే ఇంకా ఈజీ అయింది, మగ్వయర్ కుడి వింగ్‌లో పెద్ద వింగర్‌లాగా డ్రిబుల్ చేసి క్రాస్ వేస్తే (ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు) ఉగార్తె ఫ్లిక్ చేసాడు, కాసెమిరో తలతో కొట్టాడు, తర్వాత వాళ్ళ డిఫెండర్ వివియన్‌కి రెడ్ కార్డ్, హాఫ్ టైమ్‌కే 3-0. ఫైనల్‌కి ముందు యూరప్‌లో 14 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు.

లీగ్‌లో మన మీదకి ఎవరొస్తారు చెప్పండి. వచ్చి పది మందీ బాక్స్ ముందు నిలబడతారు, బాల్ మనకిచ్చేస్తారు, మనం వెనకున్న డిఫెండర్లలోనే యోరో నుంచి మగ్వయర్‌కి, మగ్వయర్ నుంచి షాకి, మళ్ళీ వెనక్కి, అలా తిప్పి తిప్పి చివరికి ఎవరో ఒకరు తప్పు పాస్ ఇస్తారు, కౌంటర్. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద జరిగింది గుర్తుందా, మన కార్నర్ నుంచే బాల్ పోయి ఎలంగా వాళ్ళ హాఫ్‌లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి ఐదో నిమిషంలో కొట్టేసాడు, మన అకాడమీ కుర్రాడే పైగా. మిగతా ఎనభై అయిదు నిమిషాలు మనం ఆ ఒక్క గోల్ తిరిగి ఇవ్వలేకపోయాం. 38 మ్యాచ్‌ల్లో 44 గోల్స్, 42 పాయింట్లు, 15వ స్థానం, 18 ఓటములు. 1973-74లో కింద డివిజన్‌కి పోయిన తర్వాత ఇంత ఘోరమైన సీజన్ లేదు.

ఇప్పుడు బిల్బావోలో జరిగిన మే 21 యూరోపా ఫైనల్ చూడండి. టోటెన్‌హామ్ అప్పటి కోచ్ పోస్టెకోగ్లూ అంటే ఎప్పుడూ ఎటాకే, లైన్ సగం గ్రౌండ్ దాకా పెట్టే మనిషి. ఆ రోజు ఆయన కూడా వుల్వ్స్ లాగా కూర్చున్నాడు. 42వ నిమిషంలో సార్ ఎడమ నుంచి క్రాస్, జాన్సన్ కాలు తగిలీ తగలనట్టు, షా ఒంటికి తగిలి, అసలు ఎవరి గోలో కూడా తెలీని గోల్, లోపలికి దొర్లుకుంటూ పోయింది. అక్కడి నుంచి వాళ్ళు గోడ కట్టేసారు. మ్యాచ్ మొత్తంలో వాళ్ళ షాట్లు మూడు, మనవి పదహారు. పదహారులో నిజంగా గుండె ఆగినవి రెండే, 68లో వాళ్ళ గోల్‌కీపర్ వికారియో బాల్ వదిలేస్తే మన స్ట్రైకర్ హొయ్‌లుండ్ హెడర్‌ని వాళ్ళ డిఫెండర్ వాన్ డె వెన్ గాల్లోకి ఎగిరి కాలితో గోల్ గీత మీద నుంచి తీసేసాడు, ఇంకోటి ఇంజురీ టైమ్‌లో షా హెడర్. మిగతావన్నీ కొట్టాం అంటే కొట్టాం అంతే.

చాలామంది గార్నాచోని మొదటి నుంచి ఆడించలేదని, మౌంట్‌ని ఎందుకు పెట్టారని అన్నారు. గార్నాచో లేటుగా వచ్చినా కాస్త కదలిక తెచ్చాడు, ఒప్పుకుంటా. కానీ అది చిన్న విషయం. ఒకే సీజన్‌లో అదే టోటెన్‌హామ్ చేతిలో నాలుగు సార్లు ఓడాం, సెప్టెంబర్‌లో 3-0, కరబావ్ కప్‌లో 4-3, ఫిబ్రవరిలో 1-0, ఫైనల్ 1-0. ఆ టోటెన్‌హామ్ లీగ్‌లో 17వ స్థానం, మన కన్నా కిందే! నాలుగు సార్లు ఓడాక అది లక్కు అని నేను అనలేను.

సిస్టమ్ తప్పా అంటే, 3-4-3 (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు) మీద నాకు పెద్ద కోపం లేదు, మన అప్పటి కోచ్ అమోరిమ్ దాంతోనే పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్‌లో రెండు లీగ్‌లు గెలిచాడు, రెండోసారి అక్కడ ముందు స్ట్రైకర్ గ్యోకెరెష్ ఉన్నాడు. ఇక్కడ ముందు ఎవరున్నారు? హొయ్‌లుండ్ లీగ్‌లో 4 గోల్స్, జిర్క్‌జీ 3. కుర్రాళ్ళని తిట్టాలని లేదు, హొయ్‌లుండ్‌కి బాల్ ఎలా వచ్చేదో కూడా చూడాలి, అతను పరుగు తీసినప్పుడల్లా చెయ్యి ఎత్తి అడిగేవాడు, బాల్ పక్కకి పోయేది, అతను చేతులు కిందకి దించేసేవాడు, ఇది మ్యాచ్‌కి పది సార్లు. జనవరిలో రాష్‌ఫోర్డ్‌ని ఆస్టన్ విల్లాకి, ఆంటొనీని బెటిస్‌కి లోన్‌కి పంపి ముందు వరసలోకి ఒక్కరినీ తేలేదు, డోర్గు వచ్చాడు కానీ అతను వింగ్‌బ్యాక్ (అంచు వెంట ఆడేవాడు). పైగా ఫిబ్రవరిలో మన వింగర్ అమద్ చీలమండ పోయింది. ఎదుటి డిఫెన్స్‌ని ఒక్కడే విప్పగలిగే వాడు అతనే, సిటీ మీద గోల్, లివర్‌పూల్ మీద గోల్, సౌతాంప్టన్ మీద చివరి పన్నెండు నిమిషాల్లో హ్యాట్రిక్, అన్నీ అతనే.

అమోరిమ్‌ని మాత్రం పూర్తిగా వదిలెయ్యను. 27 లీగ్ మ్యాచ్‌లు, 27 పాయింట్లు, ఇది ఏ కోచ్‌కైనా సిగ్గు పడే లెక్కే. మధ్యలో ఇద్దరే, కాసెమిరో ఉగార్తె, ఇద్దరూ బాల్ గుంజుకునేవాళ్ళే, లోపలికి పాస్ ఇచ్చేవాడు లేడని మనకి సోఫాలో కూర్చుంటే కనిపించింది, ఆయనకి కనపడలేదా? ఎదుటోళ్ళు ఒక్క స్ట్రైకర్‌ని పెట్టి కూర్చున్నప్పుడు మనకి వెనక ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. ఒకణ్ణి తీసి మైనూని ముందే దింపొచ్చు, ఫైనల్లో అతన్ని ఆఖరి నిమిషాల్లో దింపారు. అయినా ఆ సీజన్ కాగానే తీసేస్తే మళ్ళీ ఇంకో సిస్టమ్, ఇంకో కొనుగోళ్ళు, అదే గిరికీ. అప్పుడు నన్నడిగితే ఇంకో సీజన్ ఇవ్వండి, స్ట్రైకర్‌ని కూడా ఇవ్వండి అనేవాణ్ణి.

మే 25న ఆఖరి మ్యాచ్ విల్లా మీద 2-0 గెలిచాం, చాలామంది హమ్మయ్య అన్నారు. వాళ్ళ గోల్‌కీపర్ మార్టినెజ్‌కి హాఫ్ టైమ్ ముందే రెడ్ కార్డ్. పది మంది మీద మన మొదటి గోల్ 76వ నిమిషంలో వచ్చింది, కొట్టింది అమద్. ఫైనల్ ఓటమితో 2025-26 సీజన్‌లో మనకి యూరప్ లేకుండా పోయింది, 2014-15 తర్వాత ఇదే మొదటిసారి, అంటే గురువారం రాత్రులు మన మీదకి ఎక్కి ఆడే టీమ్‌లు ఇంక రావు, వారానికోసారి వచ్చేవాళ్ళంతా బాక్స్ ముందు కూర్చునేవాళ్ళే. లివర్‌పూల్ ఐతే ఆ సీజన్‌లో 20వ లీగ్ టైటిల్ కొట్టి మన లెక్కకి వచ్చేసింది. బావ దాని గురించి ఇంకా ఫోన్ చెయ్యలేదు, అదే భయంగా ఉంది.