ఓటు విలువ 159, ఓటరు విలువ అడక్కండి

మన రాష్ట్రపతిని మనం ఎన్నుకోం, మనం ఎన్నుకున్నవాళ్ళు ఎన్నుకుంటారు. చాలా మంచి ఏర్పాటు. ఎండలో లైన్లో నిలబడి వేలికి సిరా పూయించుకునే మనబోటివాళ్ళ చేతిలో అంత పెద్ద పని పెట్టడం దేశానికి ఏమంత క్షేమం చెప్పండి! అందుకే ఎంపీలకీ ఎమ్మెల్యేలకీ అప్పజెప్పారు. రాజ్యసభకి ఎన్నికైనవాళ్ళకీ ఓటుంది, వాళ్ళని గెలిపించేది ఎమ్మెల్యేలే కాబట్టి ఎమ్మెల్యేగారు ఒక ఓటు తను వేసి, ఇంకోటి తను పంపిన మనిషి చేత వేయిస్తారన్నమాట. ఎమ్మెల్సీలకి మాత్రం లేదు, పాపం.

ఇక తూకం. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. రాష్ట్ర జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్ళీ వెయ్యితో భాగిస్తే ఇది తేలుతుంది. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 నాటిది. ఆ తర్వాత పుట్టినవాళ్ళం పన్నులు కట్టొచ్చు, లెక్కలోకి మాత్రం రాం.

ఫలానావాళ్ళకే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, అంటే విప్ ఉండదు, అంతా ఆత్మప్రబోధమే. 1969లో ఇందిరాగాంధీ తన పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి నామినేషన్ మీద తనే సంతకం పెట్టి, తర్వాత ఎవరి ఆత్మ చెప్పినట్టు వాళ్ళు ఓటేయమన్నారు. చాలా ఆత్మలు ఒక్కసారిగా స్వతంత్ర అభ్యర్థి వి.వి.గిరి వైపు తిరిగి నిద్రలేచాయి. ఇందులో ఓటర్లు అభ్యర్థులకి 1, 2 అని ప్రాధాన్యం వేస్తారు; మొదటి ప్రాధాన్యం ఓట్లతో తేలక రెండోవి కూడా లెక్కపెట్టాకే ఆయన గట్టెక్కారు. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా వచ్చేశారు, 37 మంది నామినేషన్లు వేస్తే మిగతా 36 కొట్టేశారు, ఒక్క ఓటు కూడా తూచకుండానే పనైపోయింది.

ఇంత తూచి ఎంచిన ఓటర్ల చేతికి ఎన్నికల సంఘం ఊదారంగు సిరా పెన్ను కూడా తనే ఇస్తుంది, సొంత పెన్ను పనికిరాదు. నచ్చినవాళ్ళ పేరు పక్కన 1 అని రాస్తే చాలు. 2022లో పోటీలో ఉన్నది ఇద్దరే, ద్రౌపది ముర్ము, యశ్వంత్ సిన్హా. అయినా 53 ఓట్లు చెల్లలేదు, అందులో 15 చట్టాలు చేసే ఎంపీలవి! అప్పుడు ఎంపీ ఓటు విలువ 700, సిక్కిం అసెంబ్లీ మొత్తం కలిపితే 224. అంటే ఒక్క ఎంపీ చెయ్యి తడబడితే సిక్కిం మూడుసార్లు మునిగినట్టు.

అదే ఎన్నికకి బ్యాలెట్ పెట్టెలకి విమానంలో విడిగా టికెట్లు కొన్నారు, 'మిస్టర్ బ్యాలెట్ బాక్స్' అన్న పేరు మీద, ముందు వరసలో, అధికారి పక్క సీటు. ఢిల్లీ నుంచి రాష్ట్రాలకి వెళ్ళేటప్పుడు అవి ఖాళీ పెట్టెలే.