నెల్లూరు పొలం, పెరంబూరు ఇల్లు, ఒకే దావా

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పంపకాల తగాదా వస్తే, ఎవరికెంత వాటా అన్నదానికన్నా ముందు ఏ ఊరి కోర్టుకు వెళ్లాలన్న ప్రశ్న ఎదురవుతుంది. తాతలనాటి పొలం నెల్లూరు జిల్లాలో ఉంటుంది, ఉమ్మడి డబ్బుతో కట్టిన ఇల్లు పెరంబూరులో ఉంటుంది. స్థిరాస్తి దావా ఆ ఆస్తి ఉన్నచోటే వేయాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ చెబుతుంది. ఆస్తులు వేర్వేరు కోర్టుల పరిధిలో ఉంటే వాటిలో ఏదో ఒకచోట వేస్తే చాలని, ఆ వెంటనే 17వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది.

ఇంత చిన్న వెసులుబాటు సాధ్యం కావడానికి మన కోర్టుల అమరికే కారణం. అమెరికాలో ఫెడరల్ కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. మన దగ్గర చట్టాలు చేసేది పార్లమెంటు, శాసనసభలు రెండూ అయినా, మునసబు కోర్టు నుంచి జిల్లా కోర్టు, హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా కోర్టుల వరుస ఒక్కటే. కేంద్ర చట్టాన్నీ రాష్ట్ర చట్టాన్నీ అదే జడ్జి పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. ఒకప్పుడు ఈ రెండు ఊళ్లకూ పైకోర్టు కూడా ఒక్కటే: 1862లో మొదలైన మద్రాసు హైకోర్టు, 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా, నెల్లూరు అప్పీళ్లను కూడా విన్నది.

కోర్టులు ఒకే వరుసలో ఉన్నా చట్టం అలా లేదు. వారసత్వం కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రాలు తమకు తోచినట్టు సవరించుకున్నాయి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రలో 1985 సెప్టెంబరు 5 నుంచి, తమిళనాడులో 1989 మార్చి 25 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు రెండు చోట్లా ఆ హక్కు లేదు. రాష్ట్ర చట్టం రాష్ట్ర సరిహద్దు దాటదు కనుక, 1987లో పెళ్లయిన ఆడపడుచు నెల్లూరు పొలంలో అన్నదమ్ములతో సమాన హక్కుదారు, పెరంబూరు ఇంట్లో కాదు. తండ్రి ఒకరే, పెళ్లి ఒకటే, తేడా అంతా సరిహద్దులోని తడ దాటేసరికి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ దీన్ని చెరిపేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలన్న మెలికను 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల జోలికి మాత్రం వెళ్లకూడదు. రాష్ట్రానికో తీరుగా నడిచిన ఈ తేడాను వ్యవస్థలోని లోపం అంటే నేను ఒప్పుకోను. కేంద్రం ఇరవై ఏళ్లకు చేసిన పనిని ఆంధ్ర ముందే చేసి చూపించింది, అందుకు మధ్యలో కొంత గజిబిజి తప్పలేదు.

అసలు చిక్కు భాష దగ్గర ఉంది. కింది కోర్టుల భాషను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. హైకోర్టుల్లో, 348వ అధికరణ ప్రకారం, ఇంగ్లీషే. రాష్ట్రపతి అనుమతితో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బిహార్ హైకోర్టుల్లో హిందీ వాడుతున్నారు గానీ మద్రాసు హైకోర్టులో తమిళానికి ఆ అనుమతి రాలేదు. రావాలనే నా అభిప్రాయం. అయితే వచ్చినా నెల్లూరు ఆస్తి తాలూకు మన తెలుగు దస్తావేజుకు ఒరిగేదేమీ లేదు, దాన్ని అప్పుడూ ఎవరో ఒకరు అనువదించాల్సిందే.

ఆ పని ఎలా జరుగుతుందో తెలియాలంటే హైకోర్టు ఎర్ర భవనానికి ఎదురుగా ఉన్న ప్యారీస్ కార్నర్ సందుల్లోకి వెళ్లాలి. మడతల దగ్గర చిరిగిన స్టాంపు కాగితం మీద ‘చెక్కుబందీ’ (అంటే హద్దులు) అని, దాని కింద తూర్పున ఫలానా వారి దొడ్డి, దక్షిణాన పంట కాలువ అని రాసి ఉంటుంది. కాలువను ఇంగ్లీషులోకి మార్చడం తేలికే. ‘పద్దెనిమిది అంకణాల స్థలం’ దగ్గర ఆగాలి. నెల్లూరు లెక్కలో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. మాటను అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో దించేస్తే చదివే జడ్జికి ఏమీ తెలియదు, తప్పు లెక్క వేస్తే సగం స్థలం పోతుంది.

సుప్రీంకోర్టు 2019లో సువాస్ అనే అనువాద సాఫ్ట్‌వేర్ తెచ్చింది, ఇప్పుడు కొన్ని తీర్పులు తెలుగులోనూ దొరుకుతున్నాయి. మంచిదే గానీ, పై నుంచి కిందికి వచ్చే మాటకు ఉన్న ఏర్పాటు కింది నుంచి పైకి వెళ్లే దస్తావేజుకు ఉండాలి. ఆ ఖర్చు కక్షిదారు మీద వేయడం న్యాయం కాదు. సరిహద్దు జిల్లాల కోర్టుల్లోనూ చెన్నైలోనూ రెండు భాషల రెవెన్యూ మాటలు తెలిసిన అనువాదకులను కోర్టు జీతం మీద పెట్టాలి, ఆ మాటలకు, కొలతలకు ఒక పదకోశం తయారు చేయించాలి. అదేమంత పెద్ద పని కాదు: పట్టా, అడంగల్, పోరంబోకు, ఫసలీ వంటివి మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ తమిళ, తెలుగు రికార్డుల్లో ఉమ్మడిగానే ఉన్నాయి.