బీడు పెట్టినందుకు డబ్బులా?

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాల్లో ముగ్గుల పోటీ అయ్యాక రైతు మీద నాటిక వేశారు. పిల్లలు చక్కగా చేశారు, వాళ్ళను ఒక్క మాట అనను. కానీ అందులో అమెరికా రైతు కుర్చీలో కునుకు తీస్తుంటాడు, సర్కారు డబ్బు ఖాతాలో పడుతుంటుంది. "దున్నకపోతే డబ్బులిచ్చే దేశం!" అనగానే హాలంతా చప్పట్లు. నాకు మనసు చివుక్కుమంది.

ఆ డబ్బు తీసుకునే ఇంట్లో నేను భోజనం చేశాను. డెన్వర్ నుంచి నాలుగు గంటల పైన ప్రయాణం, కొలరాడో రాష్ట్రం ఆగ్నేయ మూలన బాకా కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). నాతో పనిచేసే మిత్రుడి తల్లిదండ్రుల పొలం. వాళ్ళమ్మగారు నన్ను గట్టు దాకా తీసుకెళ్ళి కంచె చూపించారు. కంచె కింద ఇసుక, ఆ ఇసుకలో మునిగిపోయిన పాత కంచె గుంజలు. 1930లలో గాలికి కొట్టుకొచ్చిన మట్టి అది. అక్కడ అప్పుడు దున్నిన నేలంతా దుమ్మై లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకటి పడిందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ గడ్డి దుబ్బు ఒకటి పారతో పెళ్ళగించి నా చేతిలో పెట్టారు. పైన జానెడు గడ్డి, కింద చిక్కుపడ్డ వేళ్ళు. మట్టి రాలనే లేదు.

ఇలాంటి నేల కోసమే అమెరికా 1985 వ్యవసాయ చట్టంలో సీఆర్పీ (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్) అనే నేల సంరక్షణ పథకం పెట్టారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒప్పందం, ఆ నేలకు సర్కారు ఏటా కౌలు ఇస్తుంది. ఆ నేలలో పంట వేయకూడదు. చెప్పిన గడ్డే విత్తాలి, విత్తనం ఖర్చులో కొంత భరించాలి, కలుపు పెరగనివ్వకూడదు, పక్షులు గూళ్ళు కట్టే నెలల్లో కోత యంత్రం దించకూడదు. ఒప్పందం మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన కౌలు వడ్డీతో సహా కక్కిస్తారు. ఇది కునుకు తీసే పనా?

నష్టం లేదని అనను. పొలాలు గడ్డికి వెళ్తే ఎరువుల కొట్టుకు బేరం తగ్గుతుంది, కౌలుకు చేసుకుందామనుకున్న కుర్రాడికి నేల దొరకదు, ఊరు పలచబడుతుంది. అందుకే మామూలుగా ఒక కౌంటీ సాగుభూమిలో 25 శాతం మించి చేర్చుకోరు. యజమాని ఊరు వదిలి పట్నంలో ఉంటూ డబ్బు తీసుకోవడమూ ఉంది.

ఆ మాటకొస్తే చప్పట్లు కొట్టిన వరసల్లో ఉన్నవాళ్ళెవరు? తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే పడ్డాయి. ఆ పుస్తకాలు ఇక్కడున్న మనలో ఎంతమంది పేరిట ఉన్నాయి? దుక్కి దున్నింది కౌలు రైతు, డబ్బు వచ్చింది మనకు. బాకా కౌంటీ ఆవిడ ఆ డబ్బుకు గడ్డి కాపాడి చూపించాలి. మనల్ని ఎవరూ ఏదీ అడగలేదు. ఆంధ్రలో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు సాగుదారు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని మనవాళ్ళు పెట్టరు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం, పంట పోతే పరిహారమూ కష్టమే.

అందుకే అన్నయ్యలకు, అక్కయ్యలకు నా మనవి. ఈ వేసవికి ఊరెళ్ళినప్పుడు మీ చేను చేస్తున్న మనిషిని కలవండి. ఆంధ్రలో అయితే ఆ కాగితం మీద సంతకం పెట్టి రండి. తెలంగాణలో అయితే ఎకరానికి వచ్చిన సొమ్ము అతనికే ఇచ్చేయండి, లేదా కౌలులో అంత తగ్గించుకోండి.