బెరియా కొండ మీది మామిడి చెట్లు

పోయిన నెలలో ఇక్కడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మా అబ్బాయి బడిలో జరిగిన పుస్తక ప్రదర్శన నుంచి రైడర్ హేగార్డ్ రాసిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ అనే పాత ఇంగ్లీషు సాహస నవలను కొనుక్కుని వచ్చాడు. అది పిల్లల కోసం నూరు పేజీలకు కుదించిన ప్రతి. రెండు రాత్రుల్లో ముగించి, "నాన్నా, ఇందులో మన డర్బన్ ఉంది!" అని సంబరపడ్డాడు. వాడు పడుకున్న తరువాత నేనూ దాన్ని చదివి, చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదు ఆబిడ్స్‌లో ఒక ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న పూర్తి ప్రతిని అల్మారా అడుగు నుంచి తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. కథ ఎక్కడా చెడలేదు. ఏనుగుల వేట ఉంది, ఎడారి ఉంది, వజ్రాల గదిలో కథానాయకులను బంధించిన రాతి తలుపు ఉంది. లేనివల్లా రచయిత తడబడిన చోట్లే. వాటిని తీసివేసి పిల్లలకు మేలు చేశామని ప్రచురణకర్తలు అనుకుని ఉండవచ్చు గాని, నా అభిప్రాయం దానికి పూర్తిగా విరుద్ధం.

రైడర్ హేగార్డ్ 1875లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, డర్బన్ ఉన్న నేటాల్ అనే బ్రిటిష్ వలసరాజ్యపు లెఫ్టినెంట్ గవర్నరు కొలువులో పనిచేయడానికి ఇక్కడికి వచ్చాడు. 1877లో పక్కనున్న ట్రాన్స్‌వాల్ రాజ్యాన్ని బ్రిటిష్ వారు కలుపుకున్నప్పుడు ప్రిటోరియాలో జెండా ఎగరవేసిన చేతుల్లో అతని చేయీ ఒకటి. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాక, అన్నదమ్ముల మధ్య సరదాగా వేసుకున్న పందెం కోసం కొద్ది వారాల్లో రాసిన ఈ నవల 1885 సెప్టెంబరులో వెలువడి, మొదటి ఏడాదిలోనే 31,000 ప్రతులు అమ్ముడుపోయింది. (నూరు పౌన్లు ఒకేసారి తీసుకుంటావా, అమ్మకాల మీద పది శాతం తీసుకుంటావా అని ప్రచురణ సంస్థ అడిగితే, నూరు పౌన్లకు ఒప్పుకోబోయిన అతన్ని అక్కడి గుమాస్తా ఒకరు ఆపారట. ఆ గుమాస్తా పుణ్యాన వంశమే బాగుపడింది.) ఆ ఏడాది ఫిబ్రవరిలోనే యూరప్ రాజ్యాలు బెర్లిన్ సమావేశం ముగించుకుని, ఆఫ్రికాను పంచుకోవడానికి తమలో తాము నియమాలు రాసుకున్నాయి. కనుక పుస్తకం సమయానికి వచ్చిన మాట నిజమే. అయినా ఇన్నేళ్ళ తరువాత డర్బన్‌లో పెరుగుతున్న ఒక తెలుగు పిల్లవాణ్ణి రెండు రాత్రులు మేలుకోబెట్టినది బెర్లిన్ సమావేశం కాదు కదా.

మేలుకోబెట్టినది కథ చెప్పే అలన్ క్వాటర్‌మెయిన్ గొంతు. యాభై దాటిన పొట్టి మనిషి, సింహం నమిలిన కాలు ఇంకా సలుపుతూనే ఉంటుంది, తాను పిరికివాణ్ణని తానే చెప్పుకుంటాడు. ఇద్దరు ఇంగ్లీషు దొరలు తమతో ఎడారి దాటి సాలమన్ గనుల వైపు రమ్మని పిలిస్తే వీరావేశంతో లేచి నిలబడడు. దారిలో దొరికే దంతంలో వాటా ఎంత, ముందుగా 500 పౌన్లు చేతిలో పెడతారా, తాను చనిపోతే లండనులో వైద్యం చదువుకుంటున్న కొడుక్కి ఏటా ఎంత ముట్టజెబుతారు అని బేరం తేల్చుకుని, కాగితం రాయించుకుని మరీ బయలుదేరతాడు. ఇంత లెక్కగల మనిషి అబద్ధం చెప్పడన్న నమ్మకం పాఠకుడికి అక్కడే కుదురుతుంది. ఆ తరువాత మూడు వందల ఏళ్ళ నాటి పోర్చుగీసు వాడు చావుబతుకుల మధ్య తన రక్తంతో గుడ్డ మీద గీసిన పటం చూపించినా నమ్ముతాం, మంచుకొండల అవతల రాజ్యం ఉందన్నా నమ్ముతాం. చందమామ సీరియళ్ళలో మాంత్రికుల గుహలు తిరిగి పెరిగిన నాకు నిధులు కొత్త కాదు గాని, నిధికి బయలుదేరే ముందు జీతం మాట్లాడుకున్న కథానాయకుడు మాత్రం కొత్తే.

నమ్మకం అంత గట్టిగా కుదిరింది కాబట్టే, అది ఎక్కడ జారుతుందో చూడటం మరింత ముఖ్యం. మంచుకొండల అవతలి ఆ కుకువానా రాజ్యంలో ప్రాణాపాయం ముంచుకొచ్చినప్పుడు, దొరల్లో ఒకడైన కెప్టెన్ గుడ్ తన దగ్గరున్న ఇంగ్లీషు పంచాంగంలో మరునాడు గ్రహణం ఉందని చూస్తాడు. దొరలు ఆకాశపు దీపాన్ని ఆర్పేస్తామని ప్రకటించి, ఏమీ తెలియని జనాన్ని గడగడలాడిస్తారు. మొదటి ముద్రణలో అది సూర్యగ్రహణం. అయితే దానికి ముందు రాత్రే నిండు చంద్రుడు ఉదయించాడని కూడా అదే పుస్తకంలో ఉంది! సూర్యగ్రహణం అమావాస్యకే పడుతుందని, పున్నమి మర్నాడు పట్టదని మన ఊళ్ళలో అక్షరం రాని అవ్వకు కూడా తెలుసు. పొరపాటు తెలిసి తరువాతి ముద్రణల్లో చంద్రగ్రహణంగా దిద్దుకున్నారు. చంద్రుణ్ణి చూసి కాలం లెక్కపెట్టుకునే ప్రజలకు గ్రహణం తెలియదని రాసిన మనిషికే అది ఎప్పుడు పడుతుందో తెలియలేదన్న సంగతి మా వాడికి చెబితే, కథలోని యుద్ధం కంటే దీన్నే ఎక్కువగా ఆస్వాదించాడు.

కుదించిన ప్రతిలో పోయిన చోట్లు ఇంకా ఉన్నాయి. మొదటి అధ్యాయంలోనే క్వాటర్‌మెయిన్ నల్లవారిని కించపరిచే మాట ఒకటి రాసి, ఆ మాట తనకు నచ్చదంటూ వెంటనే కొట్టివేసి, పెద్దమనుషులనదగ్గ స్థానికులనూ, డబ్బున్నా పెద్దమనుషులు కాలేని తెల్లవారినీ తాను ఎరుగుదునంటాడు. మరి అదే మనిషి, గుడ్‌ను ప్రేమించిన ఫౌలాటా అనే కుకువానా యువతి కత్తిపోటుకు చనిపోయినప్పుడు, ఆమె పోవడం ఒక రకంగా మంచిదే, లేకపోతే చిక్కులు వచ్చేవి అని తీరిగ్గా రాసుకుంటాడు. కుదించిన ప్రతిలో కొట్టివేతా లేదు, ఈ క్రూరమైన వాక్యమూ లేదు. ఫౌలాటా చనిపోతుంది, అందరూ బాధపడతారు, అంతే. అలా శుభ్రం చేసిన పుస్తకంలో దొరలు ఏ మచ్చా లేని మంచివాళ్ళుగా మిగిలిపోతారు.

అన్నింటికంటే నాకు బాధ కలిగించినది ఇగ్నోసీ చివరి ప్రసంగం మాయమవడం. సేవకుడి వేషంలో వాళ్ళ వెంట వచ్చి, వాళ్ళ సాయంతోనే తన సింహాసనం తిరిగి దక్కించుకున్న ఈ రాజు, వీడ్కోలు వేళ తుపాకులూ సారాయీ మోసుకొచ్చే వర్తకులను గాని, చావుభయం బోధించే మతప్రచారకులను గాని తన దేశంలో అడుగుపెట్టనివ్వనని, తన ప్రజలు తాతముత్తాతల లాగే ఈటెతో పోరాడి మంచినీళ్ళు తాగుతారని తెగేసి చెబుతాడు. జెండా ఎగరవేసిన చేతులే ఆ మాటలు రాశాయి. వాటికి హేగార్డ్ ఎంతవరకు కట్టుబడ్డాడన్నది వేరే ప్రశ్న. క్వాటర్‌మెయిన్ అప్పటికే జేబుల నిండా వజ్రాలు కుక్కుకుని ఉన్నాడు. కాని ఆ ప్రసంగాన్ని పదేళ్ళ పిల్లవాడు వినకూడదని ఎవరు నిర్ణయించారు?

ఇక రాజ్యం మధ్య నుంచి సాగే ఆ పెద్ద రాచబాట, అక్కడి రాతి విగ్రహాలు స్థానికుల పూర్వీకులవి కావని, ఎక్కడి నుంచో వచ్చిన ప్రాచీనులవని నవల సూచిస్తుంది. జింబాబ్వే దేశంలోని గ్రేట్ జింబాబ్వే అనే పాత రాతి కట్టడాల శిథిలాల విషయంలోనూ ఇదే వాదన నడిచింది. పురావస్తు పరిశోధకులు 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి అవి ఆఫ్రికన్ల కట్టడాలేనని తేల్చారు.

చివరగా మనకు సంబంధించిన చోటు. క్వాటర్‌మెయిన్ ఇల్లు డర్బన్ బెరియా కొండ మీద ఉంటుంది. పచ్చి ఇటుక గోడలు, రేకుల కప్పు, తోటలో తాను మంచి ఆశలు పెట్టుకున్న కొన్ని లేత మామిడి చెట్లు. ఆ తోట చూసుకునేది గ్రీక్వా అనే స్థానిక జాతికి చెందిన జాక్ అనే ముసలి వేటగాడు. నేటాల్ స్థానికులైన జులూలకు తోటపని మీద మనసుండదు, శాంతమైన విద్యలు వాళ్ళకు పట్టవు అని క్వాటర్‌మెయిన్ దారిన పోతూ ఒక మాట విసురుతాడు. అది నేటాల్ చెరుకు తోటల యజమానుల పాత పాటే. సొంత నేల, సొంత పశువులు ఉన్న జులూలు వాళ్ళిచ్చే కూలికి రాకపోతే, ఆ సంగతి వదిలేసి అది వాళ్ళ స్వభావం అన్నారు. ఆ సాకుతోనే 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి మొదటి గిర్మిట్ (ఒప్పందపు) కూలీలను ఇక్కడికి తెచ్చింది. 1911 వరకు వచ్చిన లక్షా యాభై వేలకు పైగా మందిలో విశాఖపట్నం వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగువారు ఎందరో. మధ్యలో ఆగిన వలస 1874లో మళ్ళీ మొదలైన మరుసటి ఏడాదే హేగార్డ్ డర్బన్‌లో దిగాడు. సాలమన్ గనులకు వెళ్ళే బండి వెంట వాళ్ళలో ఒక్కరూ పాత్రగా నడవరు.

కుదించిన ప్రతిలో బెరియా ఇల్లు ఒకే వాక్యం. మామిడి చెట్లు లేవు, జాక్ లేడు, జులూల మీద విసిరిన ఆ మాటా లేదు. ఇప్పుడు మేమిద్దరం పూర్తి ప్రతిని రాత్రికి పది పేజీల చొప్పున చదువుతున్నాం. నిన్న ఆ తోట దగ్గర ఆపాం.