అద్దాల రియాక్టర్‌ని కూల్చేసి ఏం సాధించారు?

అణు రియాక్టర్ అనగానే ముళ్ల కంచె, గార్డులు, లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియని గోడలు గుర్తొస్తాయి కదా. అమెరికాలోని సియాటెల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు 1961లో సరిగ్గా దీనికి రివర్స్‌లో కట్టారు. క్యాంపస్‌లోనే, మందపాటి కాంక్రీటు దూలాలు, వాటి మధ్య పెద్ద పెద్ద అద్దాలు. క్లాసుకి వెళ్లేవాళ్లు ఓ నిమిషం ఆగి కింద హాల్లోని రియాక్టర్‌ని చూడొచ్చు. దాచడానికేం లేదు, చూసుకోండి అన్నట్టు.

అది కరెంటు తీసే రియాక్టర్ కాదు. ఆర్గోనాట్ రకం, అంటే పాఠాలు చెప్పడానికే డిజైన్ చేసింది. మొదట్లో 10 కిలోవాట్లు, తర్వాత 100. రెండు కిలోవాట్ల కెటిల్స్ ఓ యాభై ఒకేసారి పెడితే వచ్చే వేడి, అంతే! కానీ కంట్రోల్ బ్లేడ్ (లోపలి అణు చర్యని అదుపు చేసే పలక) కాస్త జరిపితే మీటరు ముల్లు ఎలా లేస్తుందో కళ్లారా చూడటం వేరు, బోర్డు మీద సమీకరణం రాసుకోవడం వేరు.

తర్వాత గాలి మారింది. 1979లో త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం. 1983లో సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనే అణు కేంద్రాలు కట్టబోయిన సంస్థ 225 కోట్ల డాలర్ల బాండ్లు కట్టలేక చేతులెత్తేసింది (దాని పొడి అక్షరాలు WPPSSని జనం 'వూప్స్' అని పలికేవాళ్లు, మన 'అయ్యో' లాంటిదే). 1988లో రియాక్టర్ ఆపేశారు, కొన్నాళ్లకి ఆ డిపార్ట్‌మెంటే మూతపడింది.

నా కోపం అక్కడ కాదు. చదివేవాళ్లు తగ్గితే ఆపక ఏం చేస్తారు? ఇంధనం తీసేసి, శుభ్రం చేశాక మిగిలిన ఖాళీ బిల్డింగ్ సంగతే నన్ను మండిస్తోంది. ఒక ఆర్కిటెక్చర్ స్టూడెంట్ పట్టుబట్టి 2009లో దాన్ని జాతీయ చారిత్రక రిజిస్టర్లో ఎక్కించింది, మామూలుగా 50 ఏళ్లు నిండాలి, దీనికి నిండకుండానే ఒప్పుకున్నారు. అయినా సొంతదారు కూల్చుకుంటానంటే ఆ రిజిస్టర్ ఆపలేదు. కంప్యూటర్ సైన్స్‌కి కొత్త బిల్డింగ్ కావాలి, ఇది దేనికీ పనికిరాదు అన్నారు. ఆ కాంక్రీటు అందరికీ నచ్చదు, నిజమే. కానీ అణుశక్తి మీద జనానికి అంత నమ్మకం ఉన్న రోజులు ఉండేవని చూపించడానికి ఇంకేం మిగిలింది, ఫొటోలు తప్ప?

పాత కట్టడాల్ని కాపాడే సిటీ వారసత్వ చట్టం యూనివర్సిటీకి వర్తిస్తుందా లేదా అని కోర్టులో కేసు నడుస్తూనే ఉంది. 2016 జులైలో కూల్చేశారు. వర్తిస్తుందని రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది 2017 జులైలో.