శ్రీశ్రీని టానిక్ చేశాం, బైరాగిని మరిచాం

'కుదిరితే పరిగెత్తు' అంటూ శ్రీశ్రీ పేరు మీద వాట్సాప్‌లో తిరిగే మాటలు 'మహాప్రస్థానం' మొత్తం తిరగేసినా కనపడవు. అయినా ఎవరికీ అనుమానం రాదు. మనకు కావాల్సిన శ్రీశ్రీ అదే మరి: పొద్దున్నే ఓ గుక్క తాగి పనిలో పడటానికి పనికొచ్చే టానిక్. ఆధునిక కవిత్వం అనగానే పిడికిలి, ఊపు, ఆవేశం. ఇది శ్రీశ్రీకే అన్యాయం. ఇంకో ఆధునిక కవి ఆలూరి బైరాగికైతే మరీ అన్యాయం.

బైరాగి కవితా సంపుటి 'నూతిలో గొంతుకలు' 1955లో వచ్చింది. ఆంధ్ర రాష్ట్రంలో అధికారం తమదేనని ధీమాగా ఉన్న కమ్యూనిస్టులు 196 సీట్లలో 15కి పడిపోయిందీ ఆ ఏడాదే. పుస్తకానికీ ఫలితాలకీ ముడిపెట్టను గానీ, నమ్మకాలు బీటలువారే కాలంలో మనిషికి ఏం కావాలో బైరాగికి తెలుసు.

అందులో గొంతు విప్పింది ఎవరు? షేక్‌స్పియర్ నాటకంలోని హామ్లెట్, అర్జునుడు, దోస్తోయెవ్‌స్కీ నవల 'నేరము-శిక్ష'లోని రాస్కల్నికావ్. హామ్లెట్ కత్తి దగ్గరుండీ తేల్చుకోలేడు. అర్జునుడు రెండు సేనల మధ్య విల్లు వదిలేసి కూలబడతాడు. రాస్కల్నికావ్ తాకట్టు వ్యాపారం చేసే ముసలామెను గొడ్డలితో చంపేసి, ఆ తర్వాత నిలవలేకపోతాడు. చంపొచ్చా అన్న ఒక్క ప్రశ్న ముగ్గురినీ తినేస్తుంది. గీత అంటే మనకు కృష్ణుడి జవాబే గుర్తొస్తుంది. బైరాగి అర్జునుడి దగ్గరే ఆగాడు. జవాబు దొరికేలోపు మనిషి పడే నరకం ఉంటుందే, కవి ఉండాల్సింది అక్కడ. నన్నడిగితే ఆధునికత అదే. ఛందస్సు వదిలెయ్యడం అందులో చాలా చిన్న సంగతి.

నిరాశావాది అన్నారు ఆయన్ని. జనం ఆకలితో మాడుతుంటే సందేహం విలాసమనీ, కవన్నవాడు దారి చూపాలనీ వాదన. నిజాయితీ ఉన్న వాదనే. కానీ దారి చూపిస్తామన్నవాళ్లే దారి తప్పాక పాఠకుడి చేతిలో పెట్టిందేమిటి? ఇంకో నినాదం. బైరాగి 1978లో పోయారు. ఆయన కవితా సంపుటి 'ఆగమగీతి'కి సాహిత్య అకాడమీ అవార్డు 1984లో ఇచ్చారు.

అసలు ఓడినవాడితో ఏం మాట్లాడాలో మనకు తెలీదు, కవిత్వంలోనూ, ఇళ్లలోనూ. ఇంటర్ రిజల్ట్స్ మర్నాడు పేపర్లో కాలేజీల ఫుల్ పేజీ యాడ్స్ చూడండి. స్టాంపు సైజు ఫొటోలు, కింద మార్కులు. ఫెయిలైన పిల్లాడి టెన్షన్‌కి మాత్రం మన దగ్గరున్నది మళ్లీ ఆ కొటేషనే: లే, పరిగెత్తు. నీలాగే మహావీరుడూ చేతులెత్తేశాడని, అందుకు సిగ్గుపడక్కర్లేదని చెప్పే కవిత వాడికెలా తెలుస్తుంది? మార్కులు దండిగా పడతాయని సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం పెట్టించింది మనమే కదా. వాడికి తెలుగు కవిత్వం టెన్త్‌తోనే సరి.