1947లో రూపాయికి డాలర్ రాలేదు

ఆగస్టు 15 దగ్గరపడితే చాలు, డిగ్రీ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. 1947లో ఒక రూపాయి ఒక డాలర్‌తో సమానమట. అప్పుడు దేశానికి పైసా అప్పు లేదట. తర్వాత పంచవర్ష ప్రణాళికల కోసం అప్పులు చేశారు, రూపాయి పడిపోయింది, దేశం పేదదైందట. డాలర్ మళ్ళీ రూపాయికి దిగితే మనమూ అమెరికా అంత అవుతామట. మామూలు జనం సంగతి సరే, ఎకనామిక్స్ చదివే పిల్లలే దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఎలా ఊరుకోవడం?

ముందు ఆ ‘సమానం’ సంగతి. అప్పట్లో రూపాయిని ముడిపెట్టింది బ్రిటిష్ పౌండుకు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు. భాగిస్తే పౌండు ధర 13.33 రూపాయలు. అదే పౌండుకు 4.03 డాలర్లు వచ్చేవి. ఇంకోసారి భాగించండి, డాలర్‌కు 3.31 రూపాయలు తేలుతుంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిస్తే అర నిమిషం పని.

మన ఊరి లెక్క ఇంకా తమాషా. 1947 ఆగస్టు 15 నాటికి హైదరాబాద్ భారతదేశంలో కలవనే లేదు, అది 1948 సెప్టెంబర్ ముచ్చట. ఇక్కడ నడిచింది నిజాం సొంత రూపాయి, హాలీ సిక్కా. నాణెం మీద చార్మినార్ బొమ్మ, దాని కమాను మధ్యలో ఉస్మాన్ పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఉండేవి. బయటి రూపాయిని, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయిని, కల్దార్ అనేవాళ్ళు. ఆరు కల్దార్‌లకు ఏడు హాలీ రూపాయలు ఇవ్వాలి. ఆ లెక్కన ఇక్కడ డాలర్ ఖరీదు 3.86 హాలీ రూపాయలు. బెజవాడ రూపాయితోనే సమానం కాని మన రూపాయి డాలర్‌తో ఎక్కడ సమానమవుతుంది!

ఇక అప్పుల వల్ల పడిందన్న మాట. ఇక్కడ కథ పూర్తిగా తలకిందులు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇండియా నుంచి సరుకులు, సేవలు వాడుకున్న బ్రిటనే మనకు బాకీ పడింది, వంద కోట్ల పౌండ్లకు పైగా. స్టెర్లింగ్ నిల్వలు అని పుస్తకాల్లో చదివేది దీన్నే. అంత రావలసి ఉన్నా డాలర్ 3.31 దగ్గరే ఉంది. 1949 సెప్టెంబర్‌లో పౌండు 2.80 డాలర్లకు పడితే దానికి కట్టేసిన రూపాయీ పడింది, డాలర్ 4.76 అయింది. మొదటి ప్రణాళిక మొదలైంది 1951లో. మూడో ప్రణాళిక 1966 మార్చిలో ముగిసే దాకా ఆ 4.76 కదల్లేదు. ప్రభుత్వం రేటును పట్టి ఉంచింది కాబట్టి కదల్లేదు, లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంది. రెండు యుద్ధాలు, కరువు, ఎగుమతుల్ని మించిన దిగుమతులు, 1965 యుద్ధంతో ఆగిన విదేశీ సాయం, అన్నీ కలిసి 1966 జూన్ 6న డాలర్‌ను 7.50కి చేర్చాయి. ఇలా ప్రభుత్వమే రూపాయి విలువ తగ్గించడాన్ని తెలుగు అకాడమీ భాషలో మూల్యహీనీకరణ అంటారు. 1991 జూలైలో, పి.వి. ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, రెండు రోజుల తేడాలో రెండుసార్లు తగ్గించారు. అప్పటికి విదేశీ మారక ద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకే సరిపోయేలా ఉంది, బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. విదేశీ అప్పుకు ఇందులో వాటా ఉంది, కాదనను. కానీ మెసేజ్‌లో చెప్పిన కారణం, చెప్పిన కాలం రెండూ తప్పే.

దీర్ఘకాలంలో రూపాయి జారడానికి పెద్ద కారణం ఈ మెసేజ్‌లో మాటవరసకైనా లేదు. అది ద్రవ్యోల్బణం. మన దగ్గర ధరలు ఏడాదికి 6 శాతం, అమెరికాలో 2 శాతం పెరుగుతాయనుకోండి. తేడా 4. ఏదైనా రెట్టింపు కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే 72ని ఏటా పెరిగే శాతంతో భాగించాలి. 72ని 4తో భాగిస్తే 18. ఇదే తేడా కొనసాగితే ఇంచుమించు 18 ఏళ్ళలో డాలర్ రేటు రెట్టింపైనా, రెండు దేశాల సరుకుల మధ్య పోటీ ఎక్కడిదక్కడే ఉంటుంది. వాస్తవ మారకం రేటు మారలేదంటే ఇదే. పరీక్షలో ఈ నిర్వచనం తప్పులేకుండా రాసినవాళ్ళే బయటికొచ్చి ‘డాలర్ 85 దాటింది, దేశం మునిగింది’ అంటారు.

పేదరికం సంగతికి ఎక్కువ చర్చ అక్కర్లేదు. 1949 నుంచి 1971 దాకా డాలర్‌కు 360 యెన్‌లు. జపాన్ ఎదిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. టర్కీ 2005లో లిరా నుంచి ఆరు సున్నాలు కొట్టేసింది, దానివల్ల ఎవరింట్లోనూ అదనంగా ఒక రొట్టె చేరలేదు. ఒక మనిషి ఏడాదిలో ఎంత ఉత్పత్తి చేస్తున్నాడన్నది చూడాలి.

సరే, రేపు పొద్దున డాలర్ నిజంగానే రూపాయికి దిగిందనుకుందాం. హైటెక్ సిటీలో గంటకు 25 డాలర్లు బిల్లు చేసే కంపెనీకి 25 రూపాయలు వస్తాయి. జీతాలు, అద్దె, కరెంటు మాత్రం నేటి రూపాయల్లోనే. నెల తిరిగేలోపు తాళం. జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసి ఎగుమతి చేసేవాళ్ళదీ అదే గతి. గల్ఫ్ నుంచి జగిత్యాలకు, నిజామాబాద్‌కు వచ్చే డబ్బు కూడా ఆవిరైపోతుంది, ఎందుకంటే రియాల్, దిర్హమ్ డాలర్‌కే ముడిపడి ఉన్నాయి.

ఆ మెసేజ్ జనానికి ఎక్కడం వెనక ఒక నిజమైన బాధ ఉంది. పిల్లల్ని అమెరికాకు పంపిన ఇంట్లో డాలర్ అంటేనే టెన్షన్. 40,000 డాలర్ల ఖర్చు, డాలర్ 75 ఉంటే 30 లక్షలు, 85 అయితే 34 లక్షలు. తండ్రి జీతం మాత్రం ఆ మేరకు పెరగదు. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే కాబట్టి రూపాయి పడితే రవాణా ఖర్చూ పెరుగుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంక్ అవసరమైనప్పుడు తన నిల్వల్లోంచి డాలర్లు అమ్ముతుంది. రేటు ఒక్కసారిగా జారకుండా చూసుకోవడానికే ఆ అమ్మకం, ఫలానా అంకె దగ్గర నిలబెట్టడానికి కాదు.